కడుపులో మిగిలే గుప్పెడు

నేను ఒక గిర్నీని. పుస్తకాల్లో పిండిమర అని రాస్తారు కానీ, కోరుట్లలో నన్ను ఆ పేరుతో పిలిచిన మనిషి ఒక్కడూ లేడు. ఒళ్ళంతా పోత ఇనుము. కడుపులో రెండు గుండ్రటి రాళ్ళు, నెత్తిన గింజలు పోసే తొట్టి, మూతికి పిండి జారడానికి ఒక గుడ్డ గొట్టం. ఇంతే నేను. నా అందం గురించి ఎవరూ ఏమీ అనలేదు, నేనూ అడగలేదు.

వరంగల్‌లో ఒక పోతపని షెడ్డులో పుట్టాను. ఒకరోజు ఆశన్న అనే మనిషి వచ్చి, నా పక్కన నిగనిగలాడుతున్న గిర్నీలన్నిటినీ చూసి, చివరికి నన్ను తట్టి లారీ ఎక్కించాడు. నన్నే ఎందుకు ఎంచుకున్నాడో చాలా రోజులు ఆలోచించాను. నా ధర తక్కువట. ఆయన మాత్రం "దీన్ని చూడంగనే మనసైంది" అని భార్య రాజవ్వతో చెప్పాడు. మనుషులు అలాగే చెబుతారు.

వాళ్ళ ఇంటి ముందు గదిలో సిమెంటు దిమ్మ మీద నన్ను బిగించారు. తెల్లారేసరికి ఆడవాళ్ళు డబ్బాలు తెచ్చి వరసలో పెట్టి పనులకు పోయేవారు. మనిషి లేకపోయినా డబ్బా ఉంటే చాలు, ఆ వంతు ఆమెదే. డబ్బాలు ఎన్నడూ కొట్లాడుకోలేదు, వాటి వెనక మనుషులు వచ్చాకే కొట్లాటలు. జొన్నలు, గోధుమలు, బియ్యం రోజూ పట్టేవారు. కారం ఆదివారం మాత్రమే. కారం అయ్యాక ఇంత తవుడు పోసి నా కడుపు శుభ్రం చేస్తే గానీ రాజవ్వ మరో గింజ వేసేది కాదు.

నేను తిరుగుతుంటే గదంతా మోత. ఆ మోతలో ఎవరికీ వినపడదని ధైర్యం చేసుకొని ఆడవాళ్ళు కష్టసుఖాలు అరిచి చెప్పుకునేవారు. ఉన్నట్టుండి కరెంటు పోయేది. "మా అత్త ఉప్పు గూడ తాళమేసి పెడ్తది!" అన్న మాట ఒక్కటే నిశ్శబ్దంలో ఖంగుమనేది. సరిగ్గా అప్పుడే ఆ అత్త డబ్బా చంకన పెట్టుకొని గడపలో నిలబడి ఉండేది. ఆ వీధిలో సగం తగవులకు నాకంటే కరెంటు ఆఫీసుదే ఎక్కువ బాధ్యత.

ఇక్కడ నా గురించి ఒక సంగతి చెప్పాలి, లేకపోతే తర్వాతది మీకు అర్థం కాదు. ఎంత పోసినా చివరి గుప్పెడు నా రాళ్ళ మధ్యా, గొట్టం మడతల్లోనూ మిగిలిపోతుంది. వెనక మరొకరి గింజలు పడితేనే అది ముందుకు జారుతుంది. అందుకే ప్రతి డబ్బాలోనూ మొదట పడేది ముందువాళ్ళ పిండి. తమది వెనకవాళ్ళకు పోతుంది, ముందువాళ్ళది తమకు వస్తుంది. లాభమూ లేదు, నష్టమూ లేదు. కులం చూసి ఒకరింట్లో ఒకరు మంచినీళ్ళు ముట్టనివాళ్ళు కూడా, నా దగ్గర మాత్రం ఒకరి పిండి ఒకరు ఏళ్ళ తరబడి తిన్నారు. తెలియక కాదు. తెలిసీ ఎవరూ ఆ మాట ఎత్తేవారు కాదు.

ఇళ్ళలో రోళ్ళు పోయాక పెళ్ళి పసుపు కొట్టే మర్యాద నాకు దక్కింది. పెళ్ళిపిల్ల తల్లి నాకు బొట్టు పెట్టి, తొట్టికి పసుపు దారం కట్టేది. రాజవ్వ కొమ్ములను గోనెపట్టా మీద సుత్తితో చిదిమి ఇస్తే, ఐదుగురు ముత్తైదువలు పాట పాడుతూ తలా పిడికెడు నాలో పోసేవారు. తెచ్చిన పసుపు గంపెడు ఉండేది. ఆ రోజు గదంతా పచ్చగా అయ్యేది. సంతోషం అంటే అదేనేమో, నాకు ఖచ్చితంగా తెలియదు.

ఆశన్న పోయాక, అరిగిన రాళ్ళకు గాట్లు కొట్టడం రాజవ్వే నేర్చుకుంది. ఆయన ఉలి తీసుకొని, నోటికి కొంగు కట్టుకొని, నా ముందు బాసింపట్టు వేసుకొని కూర్చునేది. పసుపు పట్టే రోజుల్లో మాత్రం ఆమె నా తొట్టిని ముట్టేది కాదు. మీట దగ్గరే నిలబడేది. విధవరాలు కదా. అది కూడా ఎవరూ చెప్పలేదు, ఆమే చేసింది.

తర్వాత బస్టాండు ఎదుట, గోడలన్నీ అద్దాలే ఉన్న పెద్ద సరుకుల దుకాణం వచ్చింది. మొదట్లో అందరూ "ఊకెనే చూసొస్తం" అని వెళ్ళారు. లోపల చల్లగా ఉందని, చక్రాల బండి తోసుకుంటూ తిరగొచ్చని, అడిగేవాడూ అరిచేవాడూ లేడని చెప్పుకున్నారు. చూడటానికి వెళ్ళినవాళ్ళు పిండి ప్యాకెట్లతో వచ్చారు. రాజవ్వకు కనపడకుండా పక్క సందులోంచి పోయేవారు. నాకు అందుకే నవ్వు వచ్చింది. మనుషులు తప్పు చేయడానికి వెనకాడరు గానీ, ఎదురుపడటానికి మాత్రం తెగ మొహమాటపడతారు.

వరసలో డబ్బాలు తగ్గాయి. నా కడుపులో గుప్పెడు ఒకప్పుడు గంట కూడా ఆగేది కాదు. ఇప్పుడు రాత్రంతా ఉండిపోయి, తెల్లారేసరికి ముక్కిన వాసన వచ్చేది. రాజవ్వ కుంచెతో దులిపి పిచ్చుకలకు వేసేది. ఆ రోజుల్లోనే నాకు తిమ్మిరి మొదలైంది.

ఒక ఆదివారం మోటారు కాలిపోయింది. ఇక నన్ను పాత ఇనుము వాళ్ళకు వేసేద్దామని రాజవ్వ అనుకుంటుండగా వెనక వీధి వినోద వచ్చింది. కూతురికి మాఘంలో పెళ్ళి.

"దాన్ని అమ్మకు అక్కా! మా పిల్ల పెండ్లికి పసుపు, కారం, పిండి అన్ని నీ కాన్నే పట్టిస్త. మోటరు బాగ చేపియ్యి."

"మాట మీదుంటవా చెల్లె?"

"గట్లంటవేందక్కా? దానికి పెట్టిన ఉగ్గు గూడ నీ గిర్నీల పట్టిందే గద!"

రాజవ్వ పెరట్లోని బర్రెను అమ్మి మోటారు బాగుచేయించింది. ఒక్క పెళ్ళి నా దగ్గరికి వస్తే, దాన్ని చూసి మరో పది డబ్బాలు తిరిగి వస్తాయని ఆమె ఆశ. రాకపోతే చేతిలో బర్రె కూడా లేదు. రాళ్ళకు కొత్తగా గాట్లు కొట్టింది. గొట్టానికి కొత్త గుడ్డ తెచ్చి చేత్తో కుట్టసాగింది.

పెళ్ళి ముందర ఒక సాయంత్రం అద్దాల దుకాణం వాళ్ళ ఆటో ఒకటి నిండా అట్టపెట్టెలు వేసుకొని మా ముందు నుంచే పోయి, వినోద ఇంటి సందులోకి తిరిగింది. రాజవ్వ తలెత్తి చూసింది. మళ్ళీ వంగి కుట్టు పూర్తి చేసింది.

మర్నాడు వినోద ముత్తైదువలను వెంటబెట్టుకొని వచ్చింది. చేతిలో పళ్ళెం, పళ్ళెంలో ఐదు పసుపు కొమ్ములు.

"పిలగానోళ్ళు అన్నీ ఒక్కతాన్నే కొందమన్నరక్కా. ఇంటిదాంక తెచ్చిచ్చిన్రు. ఇగ గీ ఐదు కొమ్ములు శాస్త్రానికి…"

"శాస్త్రానికా," అంది రాజవ్వ.

"శాస్త్రం తప్పద్దు గదక్కా."

రాజవ్వ కొమ్ములు చిదిమి ఇచ్చి మీట దగ్గరికి పోయింది. వినోద నాకు బొట్టు పెట్టింది, దారం కట్టింది. పాట అందుకున్నారు. తలా ఒక చిటికెడు పోశారు. వినోద గొట్టం కింద పళ్ళెం పట్టుకొని నిలబడింది. నేను తిరిగాను. తిరుగుతూనే ఉన్నాను. పళ్ళెంలో ఏమీ పడలేదు.

పాట ఆగిపోయింది.

"ఏందక్కా, అస్తలేదు?"

రాజవ్వ మీట ఆపింది. "ఎట్లస్తది? గుప్పెడు దాని కడుపులనే ఉంటది. వెనక ఇంకొకలది పడాలె."

అందరూ గడప వైపు చూశారు. అక్కడ వరస లేదు, ఒక్క డబ్బా కూడా లేదు. వినోద ముఖం పాలిపోయింది. పెళ్ళి పసుపు లోపల చిక్కుకుపోవడం మంచి శకునం కాదని ఎవరూ ఆమెకు చెప్పనక్కరలేదు. ఖాళీ పళ్ళెం అలాగే పట్టుకొని ఏడుపు ఆపుకుంటోంది. నేను కావాలని చేయలేదు. నా కడుపు తీరే అంత.

రాజవ్వ లోపలికి పోయి ఒక సంచి తెచ్చింది. ఏడాది కూరలకని దాచుకున్న తన పసుపు కొమ్ములు. గోనెపట్టా మీద పోసి చిదమడం మొదలుపెట్టింది. ముత్తైదువలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. విధవరాలి పసుపు పెళ్ళి పసుపు వెనక పడటం ఎక్కడైనా ఉందా?

"బుగులు పడకుండ్రి," అంది రాజవ్వ, తలెత్తకుండానే. "నాది బయటికి రాదు. లోపలనే ఉంటది."

ఆ రోజు మొదటిసారి ఆమె తన చేత్తో నా తొట్టిలో పసుపు పోసింది. నేను తిరిగాను. ముందున్నది జారి, వినోద పళ్ళెంలో పచ్చగా కుప్పపడింది. రాజవ్వ ఒక చెయ్యి మీట మీద ఉంచి, కళ్ళు గొట్టం మీద పెట్టి, సరిగ్గా ఆగాల్సిన చోట ఆపింది. వినోద పళ్ళెం కొంగుతో కప్పుకొని, "పెండ్లికి రా అక్కా," అని వెళ్ళిపోయింది. ఆ గొంతులో సిగ్గు ఉందో, గండం గడిచిన నిమ్మళం ఉందో నేను పోల్చుకోలేకపోయాను.

రాజవ్వ నన్ను మళ్ళీ తిప్పలేదు. గొట్టం కూడా దులపలేదు.

నన్ను కొన్నది ఆ అద్దాల దుకాణమే. పాత వస్తువు ఒకటి గుమ్మంలో ఉంటే జనానికి ముచ్చటగా ఉంటుందట. రెండు పూతలు ఎర్ర రంగు వేసి, మెడలో ప్లాస్టిక్ బంతిపూల దండ వేసి, పిండి ప్యాకెట్ల పక్కన నిలబెట్టారు. 'మన ఊరి గిర్నీ రుచి' అని బోర్డు పెట్టారు. నన్ను వదిలి వచ్చినవాళ్ళే నా పక్కన నిలబడి ఫోటోలు దిగుతున్నారు. వినోద కూడా అల్లుడితో కలిసి దిగింది. నాకు కోపం రాలేదు. రావాలేమో అనుకున్నాను, అయినా రాలేదు.

నిన్న మధ్యాహ్నం రాజవ్వ వచ్చింది. నా ముందు ఆగి తొట్టి మీద అరచెయ్యి పెట్టింది. గుమ్మం దగ్గరి కాపలా అబ్బాయి పరిగెత్తుకొచ్చాడు.

"అవ్వా, ముట్టద్దు."

"దీని లోపల నా పసుపున్నది బిడ్డా."

"ఏమున్నది?"

"ఏం లేదు తియ్యి. పసుపుకు పురుగు పట్టది."

ఆమె చెయ్యి తీసేసింది. అది వెచ్చగా ఉందో చల్లగా ఉందో నాకు తెలియలేదు, రంగు మందంగా వేశారు. లోపలికి పోయి, కాసేపటికి ఒక చిన్న పసుపు ప్యాకెట్‌తో బయటికి వచ్చింది. కూరలోకి కావాలి కదా. నా వైపు చూడకుండా ఎండలోకి వెళ్ళిపోయింది.

నా కడుపులో గుప్పెడు అలాగే ఉంది. వెనక ఎవరిదైనా పడితేనే కదా అది కదిలేది.