రాజక్క సభ్యత్వం

రాజక్క ఒళ్ళో చాట పెట్టుకుని తునికాకు కత్తిరిస్తూనే ఉంది. పోలింగు రోజైనా బీడీలు చుట్టే చేతులు ఊరుకోవు. కానీ ఈ పొద్దు ఆకు సరిగ్గా తెగడం లేదు.

మనసులో దశరథం భయం. మల్లాపూర్ దాటాక ఉండే ఆ ఊళ్ళో బీడీల కార్ఖానా అతనిదే, ఆకూ తంబాకూ ఇచ్చేదీ అతనే, సర్పంచికి నిలబడ్డదీ అతనే. ఎండాకాలంలో రాజక్క ఫోను తీసుకుని ఆమెకు పార్టీ సభ్యత్వం చేయించాడు. ఎవరిని నిలబెట్టాలో సభ్యులే తేల్చాలంటూ కార్ఖానాలోనే మీటింగు పెట్టి చేతులెత్తమన్నారు. దశరథం ఎదురుగానే కూర్చున్నాడు. రాజక్క చెయ్యి అందరికంటే ముందు లేచింది. పొట్ట నిండేది ఆ చేతులతోనే కదా!

మనసు మాత్రం అటు లేదు. వానకాలంలో దశరథం తడిసిన ఆకు ఇచ్చి, చుట్టిన బీడీల్లో సగం పనికిరావని పారబోస్తే, ఇదేం న్యాయమని అడిగింది పక్కింటి ప్రణీత ఒక్కతే. ఇప్పుడు అతని మీద పోటీ చేస్తున్నదీ ఆమే.

"బిడ్డా, ఆడ ఆయనకు చెయ్యెత్తి ఈడ నీకు గుద్దితె నా ఓటు చెల్లుతదా? దొరికిపోతనా?" అని నిన్న నల్లా కాడ రాజక్క ఆమెను గుసగుసగా అడిగింది.

"సభ్యత్వం పార్టీది, ఓటు నీది పెద్దవ్వా. పెట్టెల పడ్డంక ఏది ఎవలదో ఎవలికెరుక?"

రాజక్క నమ్మింది. ధైర్యం మాత్రం రాలేదు.

పోలింగు జరిగే బడికి పోయే దారిలో దశరథం ఎదురయ్యాడు. "మన పార్టీ మనిషివి. యాదున్నదా రాజక్కా?"

"ఉన్నది సారూ."

అట్ట చాటున నిలబడి, దశరథం గుర్తు ఉంగరాన్ని దాటి, ప్రణీత గుర్తు ఫుట్‌బాల్ మీద ముద్ర గుద్దింది. అప్పుడు పట్టుకుంది అసలు భయం. కాగితానికి తంబాకు వాసన! వాసన పట్టి తనదని పోల్చుకుంటే? ఊళ్ళో ఆడవాళ్ళందరి చేతులదీ అదే వాసనని ఆ క్షణాన తట్టలేదు. కాగితాన్ని కొంగుతో తుడిచి, మడిచి, పెట్టెలో వేసి, ఎవరి ముఖమూ చూడకుండా ఇల్లు చేరింది.

మధ్యాహ్నం లెక్కింపు మొదలైంది. బడి వైపు నుంచి కేక వినపడ్డప్పుడల్లా తనను పిలుస్తున్నారేమోనని ఉలిక్కిపడింది.

టపాకాయలు కాల్చారు. గెలిచిన ప్రణీత కాళ్ళు మొక్కడానికి వచ్చేసరికి రాజక్క గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పిలిస్తే పలకలేదు. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది.

ఓడిన దశరథం కూడా వచ్చాడు. తన మెడలోని పార్టీ కండువా తీసి ఆమె మీద కప్పాడు. సభ్యులు పోతే అలా కప్పడం వాళ్ళ ఆనవాయితీ.

"ఎవలెవలో మోసం చేసిన్రు. రాజక్క మాత్రం చెయ్యలే," అని కళ్ళు తుడుచుకున్నాడు.

ప్రణీత ఆ కండువా జారకుండా సర్దింది.

ఓటు వేసేందుకు లోపలికి వెళ్తూ గుడి ముందు విడిచినట్టు విడిచి, వచ్చేటప్పుడు భయంలో మరిచిపోయిన రాజక్క రబ్బరు చెప్పులు బడి మెట్ల పక్కన అలాగే ఉన్నాయి.