నూగులో ఇసుక

దళారి గొంబోజావ్, ఖాందమా అవ్వ గుడారంలోకి వచ్చి, పెద్దలు కూర్చునే చోట కూర్చుని, ఆవిడ పోసిన ఉప్పు టీ తాగి, ఆవిడ సంచిలోనే చెయ్యి పెట్టాడు. గుప్పెడు నూగు బయటికి లాగి విదిలించాడు. ఏమీ రాలలేదు. మేక బొచ్చు కింద పెరిగే తెల్లటి మెత్తటి నూగు, వేళ్ళకి కాస్త జిడ్డు, అంతే. మేం ఏడెనిమిది మందిమి అక్కడే కూర్చుని చూస్తున్నాం.

"ఇసుకుంది," అన్నాడు.

"ఎక్కడ నాయనా?" అంది అవ్వ.

"కంటికి కనపడదులే అవ్వా. తూకంలో కనపడుద్ది."

ఐదోవంతు తరుగు తీసేశాడు. అవ్వ మా అందరి మొహాలూ ఒక్కొక్కటే చూసింది. మా చేతుల్లో వాడు పోసిన సారా గ్లాసులున్నాయి. నోరు విప్పాలంటే ముందు గ్లాసు కింద పెట్టాలి. ఒక్కరమూ పెట్టలేదు. వాడు నశ్యం బుడ్డి రెండు చేతులా అందిస్తే మర్యాదగా పీల్చి, రెండు చేతులా తిరిగిచ్చాం.

చదువుకునే తమ్ముళ్ళారా, మిల్లుల్లో దారం వడికే అక్కల్లారా, నా పేరు నన్సల్మా. మాది గోబీ ఎడారి అంచు, మేకలే మా బతుకు. మీరు వడికే ఆ నూగు మా దగ్గర్నుంచి ఎలా వస్తుందో చెప్తాను. మా గొప్ప చెప్పుకోవడానికి మాత్రం కాదు.

గడ్డి మొలవక ముందు, పిండి డబ్బా అడుగంటిన రోజుల్లో, మేకలు నూగు వదులుతాయి. సరిగ్గా అప్పుడే దళారి లారీ వస్తుంది. పిండి వాడి దగ్గరే, టీ వాడి దగ్గరే, పట్నం పోయే బండీ వాడిదే. ఇసుక ఉన్నా తరుగే, లేకపోయినా తరుగే. చెయ్యని దొంగతనానికి జరిమానా కడుతున్నాం కదా, చేస్తే పోలా అనుకున్నారు మావాళ్ళు. గుప్పెడు ఇసుక కలిపారు. వాడు తరుగు పెంచాడు. వీళ్ళు రెండు గుప్పిళ్ళు కలిపారు. అలా ఏళ్ళు గడిచాయి.

అవ్వకి తరుగు తీసిన మరుసటి చలికాలం మంచు రాయిలా గడ్డకట్టి మేకల మూతికి గడ్డి అందలేదు. అవ్వ మందలో సగానికి పైగా చచ్చిపోయాయి. ఆ వసంతపు నూగు కూడా గొంబోజావ్ ధరకే పోతే, పిండి బాకీ కింద మిగిలిన తల్లి మేకల్ని వాడికి తోలెయ్యాల్సిందే. మేకలు లేకపోతే ఆవిడ ఇక్కడెందుకుంటుంది? పట్నం పోయి ఎవరి గేటు ముందో కాపలా కూర్చోవాలి. అవ్వకి జరిగింది రేపు మనందరికీ జరుగుతుందని చెప్పి, మా దొడ్లో మీటింగు పెట్టాను.

"అందరి సంచులూ కలిపి ఒకటే బేలు, ఒకటే పెద్ద మూట కడదాం," అన్నాను. "జిల్లా పట్నంలో మిల్లువాళ్ళు నేరుగా కొంటున్నారు. లారీ మనమే మాట్లాడుకుందాం. గొంబోజావ్ మొహం చూడక్కర్లేదు."

"మిల్లువాళ్ళేమన్నా మీ పుట్టింటి వాళ్ళా?" చోయ్‌దోగ్ బావ నవ్వాడు. "వాళ్ళూ దోచేవాళ్ళే."

"దోస్తే అడుగుదాం బావా. ఒక్కడివి అడిగితే కసురుతారు. ఇంతమందిమి అడిగితే?"

"అడగడం సరే. ఇసుకో? ఎవడి సంచిలో ఎంతుందో ఎవడికి తెలుసు?"

అప్పుడు ఖాందమా అవ్వ లేచి గిన్నెలో పాలు పోసింది. "ఇసుక కలపనన్నవాళ్ళే తాగండి," అంది. ఒకే గిన్నె, చేతులు మారింది. మేమంతా తాగాం. ఆవిడ శుభ్రమైన సంచికి జరిగిన అన్యాయమే మా జెండా. ఆ మాటే చెప్పి పక్క లోయవాళ్ళని కూడా కలిపాను.

ఆ వసంతం మేకల్ని కలిసే దువ్వాం. ఒకళ్ళు కొమ్ములు పట్టుకుంటే ఒకళ్ళు పొడుగు పళ్ళ దువ్వెనతో పక్కటెముకల మీంచి నెమ్మదిగా లాగేవాళ్ళం. ఇన్నేళ్ళలో అంత నవ్వుకుంటూ పని చేసింది లేదు. ఎవరి నూగు వాళ్ళు సంచికెత్తి ఇంటికి తీసుకెళ్ళారు, బేలు కట్టే రోజున తెచ్చారు. అక్కడే పొరపాటు జరిగింది.

మిల్లు కొనుగోలు దొడ్డి గాలికి దుమ్మెత్తిపోతోంది. గేటు పక్కన గొంబోజావ్ లారీ ముందే ఉంది, మిల్లుకి అమ్మే బేళ్ళతో నిండి, తాళ్ళతో బిగించి. వాడు మమ్మల్ని చూసి టోపీ ఎత్తి పలకరించాడు.

మిల్లు తరఫున కొనేది ఒక పడుచు అమ్మాయి. మా బేలు విప్పి ఒక సంచిలోంచి గుప్పెడు తీసి నల్లగుడ్డ మీద విదిలించింది. జలజలా రాలింది ఇసుక. ఇంకో చోట తీసింది. రాలింది. ఇంకో చోట. నల్లగుడ్డ పసుపుపచ్చగా అయ్యింది.

ఆ అమ్మాయి మొహం చూడలేక ఆ గుడ్డ వైపే చూశాను.

"ఇది మిషన్లోకి పోదు అక్కా," అంది మెల్లగా. "సాయంత్రం దాకా ఉంటాను. శుభ్రం చేసి తెస్తే చూస్తాను."

గొంబోజావ్ కడుపు పట్టుకుని నవ్వాడు. "ఎందుకమ్మా ఎండలో ఆ కష్టం? నా దగ్గరికి తెండి. ఇసుకైనా కొంటా, తరుగు తీసి!"

మావాళ్ళు ఒకరి మీద ఒకరు పడ్డారు. "మీ లోయవాళ్ళే!" "మాకేం ఖర్మ, మీ తమ్ముణ్ణడుగు!" "పాలు తాగి మరీ కలిపావు కదరా!" ఇద్దరు అప్పుడే వాడి లారీ వైపు నడిచారు. ఈ రభసలో గొంబోజావ్ ఎప్పుడు కబురు పెట్టాడో, పోలీసు జీపు వచ్చి ఆగింది.

దిగిన పోలీసు పేరు పురేవ్, మా ఊరి పిల్లాడే. "మోసం కేసు వచ్చింది. ఇసుక కలిపిందెవరు?" అన్నాడు.

మావాళ్ళు ఒకరి వెనక ఒకరు జరిగారు.

"నేను," అంది ఖాందమా అవ్వ.

నేను గబుక్కున అడ్డం పడ్డాను. "అవ్వా, నువ్వెందుకు మా అందరి తప్పూ నీ మీదేసుకుంటావు? పురేవ్, అబద్ధం! ఈవిడ సంచి ఎప్పుడూ..."

"నోరు మూసుకో నన్సల్మా. నిజమే చెప్తున్నా." అవ్వ మా వైపు తిరిగింది. "శుభ్రంగా ఇచ్చిన ఏడాది వాడు ఇసుకుందన్నాడు. మీరంతా చూస్తూ ఊరుకున్నారు. ఈసారి మాత్రం మీరు కలపరని ఎలా నమ్మను? నా ఒక్కదాని సంచే తేలికవుతుందనుకున్నా. నా చేత్తోనే వేశా. పాలు తాగించిన చేత్తోనే."

ఎవరి సంచి పేరు చెప్పి ఇంతమందిని లేపానో, ఆ సంచిలోనే ఇసుక. నేల చీలితే దూరిపోదును.

అవ్వ పై అంగీ విప్పి నేల మీద పరిచింది. తన సంచి నూగు దాని మీద కుమ్మరించి, మోకాళ్ళ మీద కూర్చుని, దువ్వెన తీసుకుని ఇసుక దులపడం మొదలుపెట్టింది. అందరూ చూస్తుండగా. గొంబోజావ్ కూడా చూస్తుండగా.

చోయ్‌దోగ్ బావ ముందుకొచ్చాడు. "రాసుకోరా పురేవ్. నాదీ ఉంది." తన అంగీ పరిచాడు. లారీ వైపు వెళ్ళిన ఇద్దరూ తిరిగొచ్చారు. "మాదీ." పక్క లోయ ఆడవాళ్ళు మొహాలకి గుడ్డ అడ్డం పెట్టుకుని వచ్చారు. "మాదీ." అందరూ అదే భయంతో కలిపారు, పక్కవాడు కలుపుతాడన్న భయంతో.

చివరికి మా ఆయన లువ్సన్ లేచాడు. నా వైపు చూడకుండా, "మా సంచిలోనూ ఉంది," అన్నాడు.

నాకు తెలియదు. ఒకే గుడారంలో పడుకుంటాం, నాకు తెలియదు. ఆయన్ని చెడామడా తిట్టాలనిపించింది. కానీ మీటింగుల్లో గొంతు చించుకున్నదాన్ని, మొగుడు కూడా నమ్మలేదు నన్ను. నా అంగీ విప్పి ఆయన పక్కన పరిచి కూర్చున్నాను.

"వీళ్ళందర్నీ ఎక్కడ పెట్టాలి నేను?" అన్నాడు పురేవ్ బుర్ర గోక్కుంటూ.

"ముందు ముసల్దాన్ని ఎక్కించు," అని అరిచాడు గొంబోజావ్. "మిగిలినవాళ్ళు వాళ్ళే దారికొస్తారు."

పురేవ్ అవ్వ చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వు పుట్టినప్పుడు నీ బొడ్డు కోసిన చెయ్యిరా ఇది, మెల్లగా పట్టుకో," అంటూ అవ్వ లేచి, దువ్వెన నా ఒళ్ళో పడేసి జీపెక్కింది. కిటికీలోంచి తల బయటపెట్టింది.

"పురేవ్! ఇసుక కలిపితే కేసన్నావు కదూ?"

"అవునవ్వా."

"నా సంచి నేనే విప్పా. ఇసుకైనా కొంటానన్నాడుగా, వాడి లారీ కూడా విప్పించు."

గొంబోజావ్ నవ్వు ఆగిపోయింది. "నా సరుకు నా ఇష్టం!" అంటూ తాళ్ళు ఇంకా బిగించాడు. డ్రైవరు ఇంజను స్టార్ట్ చేశాడు.

మేం లేచాం. ఎవరూ రమ్మనలేదు, నేనైతే అసలు నోరే విప్పలేదు. చేతుల్లో దువ్వెనలతో, ఇసుక పడ్డ బట్టలతో వెళ్ళి గేటుకి అడ్డం నిలబడ్డాం. తలలు ఎత్తింది లేదు. సిగ్గు పోలేదు మాకు, కానీ ఆ సిగ్గుతోనే నిలబడ్డాం. దొడ్లో మూటలు మోసే హమాలీలు మూటలు కింద పడేసి వచ్చి మా వెనక నిలబడ్డారు.

మిల్లు అమ్మాయి ఇదంతా చూస్తూ ఉంది. లోపలికి వెళ్ళి ఆ నల్లగుడ్డ తెచ్చింది. మా ఇసుక దులిపి, లారీ వెనక నేల మీద పరిచింది.

లారీ హారన్ కొడుతూనే ఉంది. జీపులోంచి అవ్వ అరిచింది, ఆ మాటే మేమూ అందుకున్నాం:

"మాది విప్పాం! నీది విప్పు!"