తిమ్మయ్య పక్క అర

చావకూడదని తిమ్మయ్య తీర్మానించుకున్నాక మిగిలిన చిక్కు ఒక్కటే. గోరిని ఏం చేయాలి?

కమలాపురం అవతల తన చెనిక్కాయల చేనిలో, తనకూ భార్య సుబ్బరత్నమ్మకూ పక్కపక్కనే రెండు అరలు తవ్వించి, చుట్టూ నాపబండలు కట్టించి ఎప్పుడో సిద్ధంగా పెట్టుకున్నాడు. అప్పటికి ఆయనకు ధ్యానం తెలీదు. డోన్‌లో బట్టల అంగడి నడిపి, ఈ ఊరొచ్చి ధ్యానకేంద్రం పెట్టిన వాసుదేవ్ శెట్టి నేర్పాడు. కేంద్రంలో మిగతావాళ్లంతా ఒళ్లంటే చొక్కా, చినిగితే మార్చుకుంటాం, చావుకు భయమెందుకు అనేవాళ్లు. చినగనీకుండా తొడుక్కోవడం నేర్చుకుంటే మార్చే పనేముంది అనేవాడు శెట్టి. బట్టల అంగడి మనిషి చెప్పిన మాట గనక తిమ్మయ్యకు గురి కుదిరింది.

ఆయన ధ్యానం కూడా సామాన్యమైంది కాదు. ఒకసారి కళ్లు మూసుకుంటే కోడిపెట్ట వచ్చి ఒడిలో గుడ్డు పెట్టి పొదిగింది. ఆయన లేచేసరికి పిల్ల గింజలేరుకుంటూ ఉంది. నమ్మనివాళ్లు కోడిపెట్టనే అడగవచ్చు.

కాబట్టి గోరి దండగ. పూడ్చేస్తే నాలుగు సాళ్ల చెనిక్కాయలన్నా పండుతాయి. పొద్దున్నే పార భుజాన వేసుకుపోయి తన అరలోకి దిగాడు. బయట రాళ్లు పేలే ఎండ, లోపల కుండనీళ్ల చల్లదనం. పని మొదలుపెట్టే ముందు కాసేపని కళ్లు మూశాడు. అంత మంచి ధ్యానం కేంద్రంలో ఎన్నడూ కుదరలేదు.

మధ్యాహ్నం సంగటి తెచ్చిన సుబ్బరత్నమ్మ పైనుంచి తొంగి చూసింది. కంగారుపడలేదు. అంత తొందరేమొచ్చిందని మాత్రం అడిగింది. తిమ్మయ్య సంగతంతా చెప్పి, తన అర ఒక్కటే పూడుస్తాననీ, ఆమె అర జోలికి పోననీ పెద్ద మనసుతో హామీ ఇచ్చాడు.

ధ్యానానికి కూర్చుంటే గురకపెట్టే మనిషి ఆమె. ఎప్పటికీ బతికే ఆశ పెట్టుకోలేదు. తన అరలోకి చాలాసేపు చూసింది.

“అట్లయితే ఈడ నేనొక్కదాన్నే పండుకోవల్లనా?” అంది. “చేన్లో ఒంటరిగా ఉండాలంటే నాకు శానా భయమని నీకు తెలీదా?”

తిమ్మయ్య చేతిలోని సంగటి ముద్ద మళ్లీ గిన్నెలో పెట్టేశాడు. మొదటి మూడు వందల ఏళ్ల పంటలకు లెక్కలు వేసుకున్నాడు గానీ, ఆ ఏళ్లలో ఎవరి పక్కన కూర్చుని తినాలో ఆలోచించలేదు. అర పూడ్చకుండానే పార ఇంటికి మోసుకొచ్చేశాడు.

సాయంత్రం కేంద్రానికి పోయి శెట్టితో చెప్పాడు. సుబ్బరత్నమ్మ ఉన్నన్నాళ్లు తానూ ఉంటాడు. ఆమెను పండుకోబెట్టిన మరునాడు పోయి పక్కన పండుకుంటాడు. శెట్టి మొహం చిన్నబోయింది. గడువు పెట్టుకుంటే అది అమరత్వం ఎట్లా అవుతుందని అడిగాడు.

“ఏమప్పా శెట్టీ, మా ఆడమనిషిని నువ్వు చూడలేదా?” అన్నాడు తిమ్మయ్య. “యముడొస్తే ముందు కాళ్లు కడుక్కోమంటాది. సంగటి తినమంటాది. దున్నపోతును యాడ మేపుతాండావని అడుగుతాది. ఆయప్ప వచ్చిన పని మరిచిపోతాడు. ఈ లెక్కన నాదే పెద్ద గడువు.”

ఇప్పుడు ఎండ ముదిరితే ఇద్దరూ చాపలు పట్టుకుని చేనికి పోతారు. ఒక అరలో తిమ్మయ్య ధ్యానం, పక్క అరలో సుబ్బరత్నమ్మ గురక. అది గట్టు దాటి వినిపిస్తుంది. ధ్యానానికి అడ్డమని ఆయన ఒక్కనాడూ అనలేదు.