సరిచేసిన చప్పుడు

కమలాకర్ ముప్పై ఏళ్లుగా సినిమా సెట్లకు సామాను కిరాయికిస్తున్నాడు. కుర్చీ కాలు విరిగి తిరిగొస్తే సణిగి ఊరుకుంటాడు. విరిగినదానికి రంగేసి, ఏమీ కానట్టు లారీ ఎక్కిస్తే మాత్రం ఆ కంపెనీ గడప మళ్లీ తొక్కడు.

ఆ రోజు ఫిల్మ్‌నగర్‌లోని రికార్డింగ్ స్టూడియోకు కూతురు మనోజ వెంట వెళ్లాడు. ఆమె పల్సర్ల మీద పరిశోధన చేస్తోంది. పల్సరంటే గిరగిరా తిరుగుతూ, లెక్క తప్పకుండా రేడియో సంకేతాలు విసిరే నక్షత్రం. రెండేళ్లు కష్టపడి అలాంటిదొకటి పట్టుకుంది. డైరెక్టర్ క్రాంతికుమార్ పాట కోసం అడిగితే, తొమ్మిది గంటల సంకేతాలను ఒక్క నిమిషం చప్పుడుగా కుదించి ఇచ్చింది.

పాట మొదలైంది. టక్, టక్, టక్. మనోజ ముఖం మాడిపోయింది.

"గిదేంది సార్? చప్పుళ్ల నడుమ ఎడాలన్నీ ఒక్కతీరుగ చేసిన్రు?"

"తాళం తప్పుతోందని మావాళ్లు సరిచేశారమ్మా," క్రాంతికుమార్ నవ్వాడు. "మీ నక్షత్రానికి సంగీతం రాదు!"

"తప్పుతలేదు సార్. అది ఇంకో నక్షత్రంతోని కలిసి తిరుగుతది. మన దిక్కు వచ్చేటప్పుడు చప్పుళ్లు దగ్గర పడ్తయ్, అటు పొయ్యేటప్పుడు ఎడమైతయ్. రెండోది మాకు కనబడది, వినబడది. గా తేడానే దాని ఆచూకీ. దాన్నే తుడిచేసిన్రు!"

"ఎవరికి తెలుస్తుందమ్మా? టైటిల్స్‌లో నీ పేరు పెద్దక్షరాల్లో వేయిస్తాను."

కమలాకర్ చెవులు వేడెక్కాయి. "మా బిడ్డ సార్లకు తెలుస్తది. నేనిచ్చిన బీరువా తలుపు పీకేసి, దాని మీద నా దుకాణం పేరు రాస్తరా? ఉన్నదున్నట్టు పెట్టున్రి, లేకుంటె తీసెయ్యున్రి."

"పోనీ, పేరు తీసేస్తాను."

"పేరు తీస్తె అబద్ధం నిజమైతదా? రేపటి షూటింగుకు పంపిన సామానంతా ఇప్పుడే ఎత్తుకపోత."

"ముప్పై ఏళ్ల సంబంధమండీ!"

"గందుకే చెప్పి ఎత్తుతున్న."

అన్నంత పనీ చేశాడు. సెట్లోని సామాను సగం లారీకెక్కాక క్రాంతికుమారే వచ్చి, ఆ చప్పుడు తీయించి డోలు పెట్టిస్తున్నానన్నాడు. కమలాకర్ సామాను మళ్లీ దింపించాడు గానీ, ముఖం చల్లబడలేదు.

"ఇంకేంది నాయినా?" అంది మనోజ.

"నీ నక్షత్రం చప్పుడు ఉన్నదున్నట్టు పెట్టి, గా డోలునే దాని ఎనక నడిపిస్తె వాళ్ల సొమ్మేం పోతుండెనే?"