వరుసలో ఆఖరి సైకిలు

మా మియావ్‌లీ కొండల్లో డిసెంబరు రెండో ఆదివారం జరిగే సైకిలు యాత్రని అందరూ ‘కాయ్‌షెంగ్ అన్న యాత్ర’ అంటారు. దాన్ని మొదలుపెట్టింది నేను.

నా పేరు యూచిన్. రైతు సంఘం దుకాణంలో ఎరువులు, విత్తనాలు అమ్ముతాను. ఎనిమిదేళ్ళ కిందట తొమ్మిదిమందిమి బయల్దేరాం. పోయినేడు అరవై ముగ్గురం. యాభై కిలోమీటర్ల దారి. అందులో కొంత తారు, కొంత నది గట్టు మీది కంకర, కొంత తేయాకు తోటల మధ్య ఎర్రమట్టి. ఏ ముక్క ఎవరి పొలంలోంచి పోతుందో, ఎవరి కుక్క కరుస్తుందో నాకు తెలుసు.

నవంబరు నెలంతా తోటల వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, ఆ ఒక్క పూట గేట్లు తీసి ఉంచమని బతిమాలేది నేను. కాలువ గట్టు మీది ఇనుప గేటు తాళం కోసం కాలువల ఆఫీసు బెంచీ మీద అరపూట కూర్చునేది నేను. ముందు రోజు దారంతా ఒంటరిగా తొక్కి, దారి చీలిన ప్రతిచోటా కొమ్మకు పసుపు గుడ్డ పట్టీ కట్టేది నేను. యాత్ర రోజున అందరికన్నా వెనక ఉండి, అలసిపోయినవాళ్ళకు తోడుగా తొక్కుతూ, గాలి పోయిన చక్రాలు బాగుచేస్తూ, ఆ పట్టీలన్నీ మళ్ళీ విప్పుకుంటూ వచ్చేదీ నేనే. తోటల వాళ్ళు పెట్టిన షరతు అది. మేం పోయాక గుడ్డ పేలిక ఒక్కటి కూడా మిగలకూడదు.

కాయ్‌షెంగ్ చేసేదల్లా పొద్దున్నే స్టేషను ముందు నిలబడి “పదండి!” అని అరవడం.

అన్యాయంగా మాట్లాడుతున్నానని తెలుసు. స్టేషను పక్కన అతనిది బియ్యప్పిండి సేమ్యాల హోటలు. ఒకసారి తిని వెళ్ళినవాడి పేరు, వాడి పిల్లల పేర్లు కూడా గుర్తుంచుకుంటాడు. తారురోడ్డు మీద ముందుండి తొక్కితే గాలికి ఎదురు నిలిచి నలభైమందిని లాక్కుపోతాడు. నాకన్నా మూడేళ్ళు చిన్న, నన్ను నోరారా అక్కా అంటాడు. ఇవన్నీ నిజమే. అందుకే ఇంకా మండేది.

అంతకుముందు ఏడు భోజనాల దగ్గర షిన్చూ నుంచి వచ్చిన ఒకావిడ నా పక్కన కూర్చుంది. గంట ముందు ఆవిడ చక్రానికి పంక్చరు వేసింది నేనే. అప్పుడు నా మొహానికి దుమ్ము గుడ్డ ఉంది, ఇప్పుడు లేదు.

“మీరు కూడా మొదటిసారా అండీ?” అంది. “కంగారు పడకండి. కాయ్‌షెంగ్ గారు చాలా మంచివారు, నెమ్మదిగా తొక్కినా ఏమీ అనరు.”

నేను నవ్వాను.

ఆ మాట ఏడాదంతా నాలోనే ఉండిపోయింది. ఎరువు బస్తాలు లెక్కపెడుతున్నప్పుడు, అన్నం వండుతున్నప్పుడు, ఉన్నట్టుండి ‘చాలా మంచివారు’ అని చెవిలో వినపడేది. అక్టోబరులో దారి గురించి మాట్లాడుకోవడానికి కాయ్‌షెంగ్ హోటలుకు వెళ్ళేటప్పటికి నేనొక నిర్ణయానికి వచ్చేశాను.

“ఈసారి బొగ్గు దారి కలుపుదాం,” అన్నాను.

సేమ్యాలు తిప్పుతున్న కాయ్‌షెంగ్ చెయ్యి ఆగింది. “మూసేసిన గనిదా? అక్కా, అక్కడ మేకలు కూడా దిక్కులు చూస్తాయి.”

“రెండు కిలోమీటర్లే కదా. అన్ని రకాల నేలా ఉంటుందనే కదా జనం వస్తున్నది. తారు మీదే తిరగాలంటే బస్సుంది.”

అతని భార్య లాన్‌ఇంగ్ గిన్నెలు తుడుస్తూ తలెత్తింది. “ఈయన టైర్లు చూశావా వదినా? నా బొటనవేలంత లావు లేవు. ఆ రాళ్ళ మీద ఈయన తొక్కడం కాదు, దొర్లుతాడు.”

ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే అన్నాను. తారు మీద రాజులా పోయే మనిషి బురద చూస్తే బిగుసుకుపోతాడు. నది గట్టు మీది కంకరలోనే రెండు చేతులూ బ్రేకుల మీద పెట్టుకుని పోతాడు. అరవై మంది చూస్తుండగా అతను సైకిలు దిగి నెట్టుకోవాలి. ఒక్కసారి, ఒక్క రెండు కిలోమీటర్లు, అతనూ మామూలు మనిషేనని అందరికీ కనపడాలి. ఇంతకుమించి నేనేమీ కోరుకోలేదు. అప్పట్లో అది నాకు చాలా చిన్న కోరికలా అనిపించింది.

కాయ్‌షెంగ్ నా మొహంలోకి చూశాడు. “నువ్వు పెట్టావంటే ఏదో ఉండే ఉంటుంది అక్కా. అలాగే కానీ,” అన్నాడు.

యాత్ర రోజు పొద్దున పొగమంచు. కాయ్‌షెంగ్ “పదండి!” అన్నాడు, అరవై రెండు సైకిళ్ళు కదిలాయి, అరవై మూడోది నాది. నా ముందు చుంగ్ పెదనాన్న. డెబ్బై రెండేళ్ళ మనిషి, రైలు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. మొదటి ఏడాది తొమ్మిదిమందిలో ఒకడు. ఎప్పుడూ ఆఖర్నే వస్తాడు, ఎప్పుడూ పూర్తిచేస్తాడు. సెల్‌ఫోను ఇంట్లో పెట్టి వస్తాడు.

తోటలు దాటి కొండ మలుపు తిరిగాం. బొగ్గు దారి మొదలయ్యేచోట నాకొక సంగతి తట్టింది. కాయ్‌షెంగ్ పడేది అందరికన్నా ముందు. నేనున్నది అందరికన్నా వెనక. మూడు నెలలుగా ఊహించుకున్న దృశ్యం అరవై మందీ చూస్తారు, నేను తప్ప.

“పెదనాన్నా, ముందు ఎవరికో ఏదో అయినట్టుంది, చూసొస్తాను,” అన్నాను.

“వెళ్ళమ్మా. నేనెక్కడికి పోతాను, నీ పట్టీలు చూసుకుంటూ వచ్చేస్తాను,” అన్నాడాయన.

ఎనిమిదేళ్ళలో నా చోటు వదలడం అదే మొదటిసారి. పెడళ్ళ మీద లేచి తొక్కాను. రాళ్ళు, వేర్లు, తడిమట్టి, అన్నీ నాకు అలవాటే. చీలికలు దాటాక గుంపు తోక అందింది, ఒక్కొక్కరినీ దాటుకుంటూ పోయాను. పాత గని నోరు దగ్గర, దారి బాగా నిటారుగా దిగేచోట, గుంపంతా ఆగి ఉంది.

కాయ్‌షెంగ్ దిగలేదు. తొక్కుతున్నాడు. పళ్ళు బిగించి, నాలుగు గజాలు, అయిదు గజాలు. ముందు చక్రం వేరు మీద జారింది. మనిషి సైకిలుతో సహా పక్కనున్న బురదలో కూలబడ్డాడు.

నా లోపల చల్లగా ఏదో దిగింది. సంతోషమే అది, అబద్ధం చెప్పను.

అతను లేచి, నడుము వరకు బురదతో, సైకిలు భుజానికెత్తుకున్నాడు. “ఈ బండి ఏడేళ్ళుగా నన్ను మోసింది. ఇవాళ నా వంతు!” అని అరిచాడు. జనం పడిపడి నవ్వారు. అంతే, ఒక్కొక్కరూ దిగి, ఎత్తగలిగినవాళ్ళు సైకిళ్ళు ఎత్తుకున్నారు, లేనివాళ్ళు ఇద్దరిద్దరు చొప్పున పట్టుకున్నారు. షిన్చూ ఆవిడ ఈసారీ వచ్చింది, కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వుతోంది. ఎవరో చప్పట్లు కొడుతున్నారు. బాగా తొక్కగలిగిన నేను, పక్కనుంచి ఒక్క కాలు కూడా కింద పెట్టకుండా దిగిపోయాను. ఒక్కరూ చూడలేదు.

తరవాత గుంపంతా ముందుకు పోనిచ్చి, వెనక ఎవరితోనూ మాట్లాడకుండా తొక్కాను. భోజనాలు పాత బడి ఆవరణలో. లాన్‌ఇంగ్ మూటలు విప్పి ఉప్పులో ఊరవేసిన ఆవాకు కలిపిన సేమ్యాలు వడ్డిస్తోంది. బురద కడుక్కుని వచ్చిన కాయ్‌షెంగ్ నన్ను చూసి మొహం విప్పార్చుకున్నాడు.

“అక్కా, నువ్వు వచ్చేశావంటే అందరూ వచ్చేసినట్టేగా? గేటు వేసేయమంటావా?”

సైకిలు ముందున్న సంచీలోకి చూశాను. అందులో పసుపు పట్టీలు. దాదాపు అన్నీ. కోపంతో కళ్ళు కనపడని ఆ వేగంలో కూడా, ఎనిమిదేళ్ళ అలవాటుగా నా చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. చీలిక చీలికకూ ఆగి పట్టీ విప్పుకుంటూ వచ్చాను. ఆ పట్టీలు చూసుకుంటూ వస్తానన్న మనిషి నా వెనక ఉండిపోయాడు.

“చుంగ్ పెదనాన్న రాలేదు,” అన్నాను. “పట్టీలు విప్పేశాను.”

కాయ్‌షెంగ్ ఎందుకని అడగలేదు. చేతిలోని గిన్నె భార్యకిచ్చి సైకిలెక్కాడు. అప్పటికే నేను గేటు దాటాను.

వచ్చిన దారినే వెనక్కి పోయాం. ఆ లోయలో ఫోన్లు పనిచేయవు, పనిచేసినా ఆయన దగ్గర లేదు. చీలిక ఉన్నచోటల్లా ఆగి పిలిచేదాన్ని, కొండ తప్ప ఎవరూ పలికేవారు కాదు. గని దగ్గర ఎగువకి కాయ్‌షెంగ్ మళ్ళీ రెండుసార్లు పడ్డాడు. మోచెయ్యి గీరుకుపోయి నెత్తురు కారుతోంది. “నువ్వు ఆగు, నేను చూస్తాను,” అన్నాను. “నోరు మూసుకుని పద అక్కా,” అన్నాడు. అలా అతను నాతో ఎప్పుడూ మాట్లాడలేదు.

గనికి ఎగువనున్న రెండో చీలిక దగ్గర, నదివైపు దిగే బాటలో, తడిమట్టిలో ఒక్క చక్రం జాడ కనిపించింది.

చుంగ్ పెదనాన్న నది ఒడ్డున బండరాయి మీద కూర్చుని ఉన్నాడు. గొలుసు తెగిన సైకిలు పక్కన పడి ఉంది. ప్యాంటు మోకాలి దగ్గర చిరిగింది, పాదం వాచింది. నన్ను చూడగానే ఊతానికి ఏరుకున్న కర్ర ఎత్తాడు.

“మూడు చోట్ల వెతికానే అమ్మాయ్! కొమ్మ కొమ్మా తడిమి చూశాను! ఒక్క పట్టీ లేదు. ముసలాడికి చూపు పోయిందనుకున్నాను!”

“మీ చూపు బాగానే ఉంది పెదనాన్నా. నేనే విప్పేశాను.”

“నా కన్నా ముందా? ఎందుకు?”

ఏదో ఒకటి చెప్పవచ్చు. కానీ రెండు గంటలుగా అక్కడ ఒంటరిగా కూర్చున్న మనిషి మొహం చూస్తూ మరో అబద్ధం కుదరలేదు.

“వీడు పడితే చూద్దామని ముందుకు పోయాను,” అన్నాను. “అందుకే ఈ దారి పెట్టాను.”

ముందు నవ్వింది చుంగ్ పెదనాన్నే. “మరి పడ్డాడా?”

“పడ్డాడు. చప్పట్లు కొట్టారు.”

కాయ్‌షెంగ్ నవ్వలేదు. అటు తిరిగి మోచెయ్యి నీళ్ళలో కడుక్కున్నాడు.

“హోటలు మూసే సోమవారాలు మూడు ఇక్కడికే వచ్చాను,” అన్నాడు అటు తిరిగే. “ఒక్కడినే. వచ్చిన ప్రతిసారీ పడ్డాను. నా వీపుకి మందు రాయలేక లాన్‌ఇంగ్ ఏడ్చింది. ‘వదిన నీకు పరీక్ష పెట్టింది’ అనేది. కాదు, అక్క ఏదైనా జనం కోసమే పెడుతుంది, నేర్చుకోవలసింది నేనే అన్నాను.”

క్షమించమని అడగడానికి మొహం చెల్లలేదు. చుంగ్ పెదనాన్నని నా సైకిలు మీద కూర్చోబెట్టి చెరోపక్కా పట్టుకుని నడిపించాం. దారిలో కాయ్‌షెంగ్ ఆయనతో మాట్లాడాడు, నాతో కాదు.

రెండు నెలలు నేను హోటలుకు పోలేదు. కొత్త సంవత్సరం పండగ వెళ్ళాక ఒక రోజు అతనే దుకాణానికి వచ్చి, టమాటా నారుకు ఏ ఎరువు మంచిదని అడిగాడు. అతనికి తోట లేదు.

“వచ్చే డిసెంబరులో ముందు నువ్వుండు,” అన్నాడు డబ్బులిస్తూ. “నేను వెనక ఉంటాను. పట్టీలు విప్పడం నాకూ వచ్చు.”

“కోపంతో అంటున్నావా?”

“కొంచెం ఉంది. అయినా నువ్వు ముందుండాలి.”

అలాగే ఈ ఏడు స్టేషను ముందు నిలబడి “పదండి” అన్నాను. నా గొంతు నాలుగో వరుస దాకా కూడా పోలేదు, ముందువాళ్ళను చూసి మిగతావాళ్ళు కదిలారు. బొగ్గు దారి మీద ఒక్క కాలు కింద పెట్టకుండా దిగాను. ఈసారి చూశారు. “అబ్బ, చిన్ అక్క!” అని ఎవరో అన్నారు కూడా. ఆ మాట కోసం ఎన్నేళ్ళు కాచుకున్నానో! తియ్యగానే ఉంది. కానీ ముందున్నవాళ్ళకు కనపడేది ఖాళీ దారేనని నాకు అప్పటిదాకా తెలియదు. మనుషులంతా వెనక ఉంటారు. ఎవరు అలిసిపోయారో, ఎవరి పిల్లకు పెళ్ళి కుదిరిందో, ఏదీ తెలియలేదు. కొండ మలుపుల్లో వెనకనుంచి మాత్రం అలలు అలలుగా నవ్వులు వినపడేవి.

భోజనాల దగ్గర అందరికన్నా ఆఖర్న కాయ్‌షెంగ్, చుంగ్ పెదనాన్న, ఇంకో పదిమంది ఒక్కటిగా వచ్చారు, పొట్టలు పట్టుకుని.

“ఏమైంది? ఏంటి ఆ నవ్వు?” అన్నాను.

“చెప్తే ఏం బాగుంటుంది అక్కా,” అన్నాడు కాయ్‌షెంగ్ కళ్ళు తుడుచుకుంటూ. “అక్కడుండాలి.”

నాకు ఒళ్ళు మండింది. వెళ్ళి అతనికి వడ్డించాను.