అడుగున మిగిలిన లేహ్యం

నేను ఒక కొమ్ము భరిణెను. దున్నపోతు కొమ్ముతో చేసిన నల్లని, గుండ్రని, తిప్పితే బిగిసే మూత ఉన్న భరిణెను. పుట్టుపూర్వోత్తరాలు తరవాత చెబుతాను. ముందు ఆ సంచి సంగతి చెప్పకపోతే నాకు స్తిమితం ఉండదు.

పొన్నూరులో సన్నాయి బసవలింగం గారింట్లో ఆ ఉదయం ఆయన భార్య కనకరత్నమ్మ సంచి సర్దుతోంది. పట్టుపంచె, జరీ ఉత్తరీయం, సన్నాయి పీకలు పెట్టుకునే తోలు తిత్తి, దారిలో తినడానికి పులిహోర. వాటి మధ్యలో మొగుడు నన్ను తెచ్చి పెట్టాడు. ఆమె తీసి గూట్లో పెట్టింది. ఆయన మళ్ళీ తెచ్చి సంచిలో పెట్టాడు.

“ఎందుకయ్యా అది? నా మేనకోడలి పెళ్ళికి పోతా కూడా అదేనా?”

“ఊపిరి నిలబడాలంటే కావాలే. నా బదులు నువ్వు ఊదుతావా ఏంది?”

“మీ నాయన ఊదలా? ఆయనేం తిని ఊదాడు?”

“మా నాయన యాభై ఏళ్ళకే పోయాడు.”

“ఇది తినకపోబట్టి పోయాడంటావా! సిగ్గుండాలి.”

మాటల్లో ఆమె గెలిచింది. సంచిలోకి మాత్రం నేనే వెళ్ళాను. అదీ ఎక్కడికి? పొగలు కక్కే పులిహోర పొట్లం కిందికి. నా కడుపులో ఉన్నది వేడికి కరిగే పదార్థమని ఈ మొగుడూ పెళ్ళాల్లో ఒక్కరికైనా తట్టలేదు.

ఇక పుట్టుక. విశాఖపట్నంలో ఒక కొమ్ముపనివాడు నన్ను నిప్పు మీద వెచ్చచేసి, వంచి, కోసి, నూనె రాసి అద్దంలా రుద్దాడు. కుంకుమ కోసం చేశాడు. ఒక తాసీల్దారు గారి భార్య నన్ను కొని ఏడేళ్ళు కుంకుమ పోసుకుంది. ఆ అవసరం తీరిపోయిన రోజున నన్ను కడిగి, ఇంటికొచ్చిన పురోహితుడికి ఇచ్చేసింది. వెళ్ళేటప్పుడు ఒకసారి వెనక్కి పిలుస్తుందేమో అనుకున్నాను. పిలవలేదు. పురోహితుడు నన్ను నస్యంతో నింపాడు. చాలా ఏళ్ళు తుమ్ములతో కాపురం చేశాను. ఒక పెళ్ళిలో బసవలింగం వాయించిన కల్యాణి రాగానికి పురోహితుడు కరిగిపోయి, చేతిలో వేరే ఏమీ లేక నన్నే బహుమానంగా ఇచ్చేశాడు. మనుషులు ఆనందం పట్టలేనప్పుడు పక్కనున్న వస్తువును వదిలించుకుంటారు. దుఃఖం పట్టలేనప్పుడూ అంతే.

బసవలింగం నన్ను లేహ్యానికి పెట్టుకున్నాడు. గంజాయి ఆకును నేతిలో వేయించి, మెత్తగా నూరి, బెల్లప్పాకంలో ఏలకులు, జాజికాయ, మిరియాలతో కలిపి చేసే లేహ్యం. మదనకామేశ్వరి అని దానికి పెద్ద పేరు. ఆయన తినేది మాత్రం రేగ్గింజంత ఉండ. కచేరీకి గంట ముందు ఒకటి. దానివల్లే ఊపిరి సాగుతుందని ఆయన నమ్మకం. ఊపిరి సాగింది దానివల్ల కాదు, చిన్నప్పుడు వాళ్ళ నాయన పీకల్లోతు నీళ్ళలో నిలబెట్టి సాధన చేయించడం వల్ల. ఆ మాట ఎవరు చెప్పాలి? నాకు నోరైతే ఉంది కాని మాట లేదు.

మొదట్లో ఆ లేహ్యం బాపట్లలో ఆయన మేనత్త తాయమ్మ చేసి పంపేది. కంచు గిన్నెలో పాకం దించాక, అది చల్లారేదాకా తెడ్డు ఆపకుండా మెదిపేది. పైనుంచి చిటికెడు, అడుగునుంచి చిటికెడు తీసి రెండు బొటనవేళ్ళ గోళ్ళ మీదా రాసి చూసేది. రెండూ ఒక్కలాగే ఉండాలి. లేకపోతే మళ్ళీ వెచ్చచేసి మెదిపేది. నేను చెబుతున్నాను, లేహ్యం మంచిచెడ్డలు తేలేది అక్కడే. ఈ ఉండ ఎంతో ఆ ఉండా అంతే ఉండాలి. నిన్న ఎంతో ఇవాళా అంతే ఉండాలి. తక్కినవన్నీ అలంకారాలు.

తాయమ్మకు చూపు పోయింది. తెడ్డు మూలకు చేరింది. బసవలింగం శివరాత్రి తిరనాళ్ళలో ఒక కొత్తవాడి దగ్గర లేహ్యం తీసుకుని, అరుగు మీద నలుగురు పాతకాపులను కూర్చోబెట్టి పరీక్ష పెట్టాడు. నా జన్మలో అంత విసుగు పుట్టించిన సాయంత్రం ఇంకొకటి లేదు. అందరూ ఏళ్ళ తరబడి తింటున్నవాళ్ళే. ఏళ్ళ తరబడి తింటే తెలివి వస్తుందనుకుంటారు. అలవాటు వస్తుంది, అంతే.

“వాసన చూడండి, కమ్మగా ఎట్టా కొడతందో!” అన్నాడు దర్జీ మస్తానయ్య. ఆ వాసన జాజికాయది.

“నాలిక జివ్వుమందిరోయ్. అసలు సరుకంటే ఇది,” అన్నాడు ఒంటెద్దు బండి కోటిలింగం. జివ్వుమన్నది అక్కలకర్ర. పంటినొప్పికి పెట్టుకుంటే అదీ జివ్వుమంటుంది.

“నలుపు చూశావా బావా, నిగనిగలాడతంది,” అన్నాడు మూడోవాడు. అది మాడిన బెల్లం.

“మీకెవరికీ తెలీదు గాని, ఇదుగో ఇది చూడండి.” బసవలింగం ఒక ఉండను తమలపాకు మీద పెట్టాడు. కాసేపటికి ఆకు మీద నెయ్యి వలయంగా పాకింది. “నెయ్యి తేలితే నిఖార్సైన లేహ్యం. మా తాయమ్మత్త దాంట్లో కూడా ఇంత తేలేది కాదు.”

తేలదు మరి! తాయమ్మ కలిపింది కనుక తేలలేదు. నెయ్యి ఒక దారిన, ఆకుపొడి ఒక దారిన పోతున్నాయంటే వాడు మెదపలేదని అర్థం. లోపం ఎక్కడుందో సరిగ్గా అక్కడే వేలు పెట్టి, అదే గొప్ప అన్నాడు మహానుభావుడు. తక్కినవాళ్ళు తలలూపారు. ఆ లేహ్యాన్ని నాలో కుక్కారు.

ఆ రోజు నుంచి నా అడుగు బరువెక్కడం మొదలైంది. ఎండలు ముదిరేకొద్దీ పాకం సడలి, మందంతా మెల్లగా కిందికి దిగింది. పైన తీపి, నెయ్యి, వాసన మిగిలాయి. బసవలింగం పైపైన తీసి తినేవాడు. ఒక ఉండకు ఏమీ కాలేదు. రెండు తిన్నాడు. “తిరనాళ్ళ సరుకు పేరు గొప్ప, ఊరు దిబ్బ,” అని మూడుకి పెంచాడు. నేను అడుగున అంత బరువు మోస్తూ, ఇతను రోజురోజుకీ లోతుకు వస్తూంటే, నాకు గుండె ఉంటే ఆగిపోయేది.

ఈ మధ్యలో ఆయన బావమరిది వీరరాఘవులు వచ్చాడు. కనకరత్నమ్మ తమ్ముడు, ఉండేది రేపల్లె, వాయించేది డోలు. ప్రతి ఏడూ మాఘం రాగానే పొన్నూరు బస్సు దిగి, పెళ్ళిళ్ళ కాలమంతా అక్కగారింట్లోనే ఉండేవాడు. బావ సన్నాయి, ఇతని డోలు పద్దెనిమిదేళ్ళుగా జంట. బావ ఊపిరి తీసుకునే జాగా ఇతనికి చూడకుండానే తెలుసు. ఈసారి మాత్రం వాయించడానికి రాలేదు. చిన్నకూతురు లీలావతి పెళ్ళికి పిలవడానికి వచ్చాడు.

“బావా, నాకొక్క మాటివ్వు.”

“ఏందిరా, అట్టా మొహం పెట్టావ్?”

“పెద్దదాని పెళ్ళి నీకు జ్ఞాపకముందిగా. నువ్వు జొరంతో రాకపోతివి. ఆ వచ్చినోడు గట్టిమేళం అందుకునేలోపల ఎవరో తుమ్మారు. ఆ తుమ్ము మా అల్లుడు కూడా విన్నాడు. ఆర్నెల్లు తిరక్కుండా వాడు హుబ్లీ పోయి మళ్ళీ పత్తా లేడు. పిల్ల నా ఇంట్లోనే ఉంది.”

“తుమ్ముకీ హుబ్లీకీ ఏం సంబంధంరా?” అంది కనకరత్నమ్మ వంటింట్లోంచి.

“ఏమో అక్కా. నాకు మాత్రం అదే వినపడతంది. ఈసారి నేను పీటల మీద ఉంటా, డోలు ముట్టుకోలేను. సూత్రం కట్టేటప్పుడు బావ సన్నాయి తప్ప ఇంకో చప్పుడు నా బిడ్డ చెవిన పడకూడదు. ఆ ఒక్కటి చాలు నాకు.”

“పిచ్చోడా, నీ కూతురంటే నా కూతురు కాదా? పందిరి ఎగిరిపోయేట్టు వాయిస్తాగా,” అన్నాడు బసవలింగం, అతని వీపు మీద చరిచి.

ఆ మాట ఇచ్చిన చెయ్యే నన్ను పులిహోర కింద పెట్టింది. రేపల్లె వెళ్ళేదాకా బస్సు కిటికీలోంచి వైశాఖపు ఎండ, పైనుంచి పులిహోర వేడి. దిగేసరికి నాలో పైన ఉన్న మిగులు కూడా పలచబడి, అసలు ముద్ద అడుగున గట్టిగా కూర్చుంది.

పెళ్ళి మర్నాడు ఉదయం పది గంటలకు. తెల్లవారాక బసవలింగం స్నానం చేసి, నన్ను తీసి, వేలితో లోపల గీరాడు. పైన ఏమీ మిగల్లేదు. అడుగు తగిలింది. అలవాటు ప్రకారం మూడు ఉండలు చేసి మింగాడు. గంట గడిచింది. అరిటాకుల పందిరి కింద కూర్చుని, “ఛీ, ఇవాళ కూడా ఏం లేదు,” అని గొణిగి, నాలుగోది వేసుకున్నాడు. ఒక్క పూట ఆగితే ఏం పోయింది? కడుపులోకి పోయిన మందు పని చూపించడానికి దానికీ ఒక వేళ ఉంటుందని, ఇన్నేళ్ళు తిన్న మనిషికి తెలియదా? తెలుసు. తెలిసీ ఆగలేకపోవడమే వీళ్ళ జాతి లక్షణం.

నేను ఆయన రొండిన, పంచె మడతలో ఉన్నాను. మొదట చేతులు చల్లబడటం తెలిసింది. తరవాత ఆయన ఊపిరి నెమ్మదించింది. జీలకర్రా బెల్లం పెట్టేటప్పుడు బాగానే వాయించాడు. ఇంకా బాగా వాయించాడని కూడా జనం అన్నారు. ఆ తరవాత సన్నాయి ఒళ్ళో పెట్టుకుని, పందిరికి కట్టిన మామిడాకు ఒకటి గాలికి తిరుగుతూంటే దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

పురోహితుడు చెయ్యెత్తాడు. “గట్టిమేళం! గట్టిమేళం!”

పక్కన డోలు పట్టుకున్నవాడు కొత్తవాడు. పెద్దాయన ఊదితే కాని తాను మొదలుపెట్టకూడదు, అది మేళం మర్యాద. అతను కర్ర ఎత్తి పట్టుకుని బసవలింగం మొహం వైపు చూస్తున్నాడు. బసవలింగం మామిడాకు చూస్తున్నాడు.

“మేళం, ఏమయ్యా మేళం!” అని ఎవరో అరిచారు.

“మావయ్యా!” అంది పెళ్ళికూతురు. వంచిన తల వంచినట్టే ఉంది. మంగళసూత్రం మెడ దగ్గరికి వచ్చి ఆగింది.

బసవలింగం ఆ పిలుపుకి తల తిప్పి, ప్రేమగా నవ్వి, “తొందరేం లేదమ్మా, ఇంకా బోలెడు వేళుంది,” అన్నాడు.

అప్పుడు పీటల మీంచి వీరరాఘవులు లేచాడు.

“లేవకూడదయ్యా! కన్యాదాతవి, కూచో!” అన్నాడు పురోహితుడు.

“నేను లేవకపోతే ఎవడు వాయిస్తాడు స్వామీ?” అంటూ తడి పంచెతో నాలుగు అంగల్లో వచ్చి, కొత్తవాడి మెళ్ళోంచి డోలు లాగి తన మెళ్ళో వేసుకున్నాడు. కర్ర కూడా అందుకోలేదు. రెండు చేతులతో, ఒంటిగా, సన్నాయి లేకుండా వాయించాడు. ఆ చప్పుడుకి నా మూత అదిరింది. మూడు ముళ్ళూ పడ్డాయి, తలంబ్రాలు మొదలయ్యాయి, ఎవరో వచ్చి భుజం పట్టుకునేదాకా వాయిస్తూనే ఉన్నాడు. వేళ్ళ మీద చర్మం లేచింది. తుమ్ములు, దగ్గులు ఆ ఊళ్ళో ఎన్ని పుట్టాయో, ఒక్కటి కూడా ఆ పిల్ల చెవిని చేరలేదు.

బసవలింగం ఆ సాయంత్రం దాకా తెప్పరిల్లలేదు. తెప్పరిల్లాక జరిగింది భార్య చెప్పింది. ఆయన నన్ను తీసుకుని మురుగుకాలవ దగ్గరికి పోయి, అడుగున మిగిలింది గీరి పారేశాడు. బూడిద పెట్టి తోమాడు. పొన్నూరు వచ్చాక మళ్ళీ తోమి, ఎండలో పెట్టాడు. కొమ్మును ఎండలో పెడితే పగులుతుందని కూడా తెలియదు. పగిలాను. మూత ఇప్పటికీ సరిగ్గా బిగియదు. ఒకప్పుడు పాడైన లేహ్యాన్ని భద్రంగా దాచాడు, ఇప్పుడు బాగున్న భరిణెను పాడుచేశాడు. దీన్నే మనుషులు పశ్చాత్తాపం అంటారు.

ఇంకా వైశాఖం పోకుండానే వీరరాఘవులు పొన్నూరు వచ్చాడు. అక్కగారింట్లో ఎప్పుడూ ఉంచే రెండో డోలు గోడకి వేలాడుతోంది. దాన్ని దించుకున్నాడు.

“అధిక జ్యేష్ఠం వస్తంది, ముహూర్తాలు లేవు. ఇప్పుడు అదెందుకురా? అన్నం తిను ముందు,” అంది కనకరత్నమ్మ.

తిన్నాడు. గోంగూర పచ్చడి రెండుసార్లు వడ్డించుకున్నాడు.

“లీలావతి ఎట్టా ఉంది?”

“బాగుందక్కా. అల్లుడు మంచోడు. మొన్న దాన్ని సినిమాకి తీసకపోయాడంట. వాళ్ళత్త కూడా పోతానందంట, ఇద్దరూ కలిసి దాటేసి పోయారంట.”

ఆమె నవ్వింది. అతను కూడా నవ్వాడు.

“మరింకేందిరా? బావ మీద కోపమా?”

“కోపమైతే నాలుగు తిట్టి ఇక్కడే పడుకునేవోణ్ణి. కోపం కాదక్కా. పద్దెనిమిదేళ్ళు ఆయన మొహం చూడకుండా వాయించా. ఇప్పుడు పక్కన కూర్చుంటే, అందుకుంటాడా లేదా అని మొహమే చూస్తా కూర్చుంటా. ఇంక చెయ్యెట్టా ఆడుద్ది?”

లోపలి గది గుమ్మంలో బసవలింగం నిలబడి ఉన్నాడని ఇద్దరికీ తెలుసు.

“మానేశానురా రాఘవులూ,” అన్నాడాయన.

“మంచి పని చేశావు బావా. ఒంటికి మంచిది.”

వంగి అక్క కాళ్ళకు, బావ కాళ్ళకు దణ్ణం పెట్టాడు. డోలు భుజానికి ఎత్తుకున్నాడు. బస్సు ఎన్నింటికో కనుక్కున్నాడు.

బసవలింగం ఆ తరవాత నిజంగానే లేహ్యం ముట్టలేదు. పాతకాపులు కొత్త సరుకు తెచ్చి అరుగు మీద పరీక్షలు పెడితే లేచి లోపలికి పోయేవాడు. వాళ్ళు మాత్రం ఇప్పటికీ నెయ్యి తేలిందా లేదా అనే చూస్తారు. ఆయన పక్కన డోలుకు ముగ్గురు నలుగురు వచ్చి పోయారు. నాలో ఇప్పుడు పిన్నీసులున్నాయి.

వీరరాఘవులు పొన్నూరు మళ్ళీ రాలేదు. అతను వెళ్ళింది ప్లవ నామ సంవత్సరం, వైశాఖ బహుళ ద్వాదశి, మధ్యాహ్నం.