చెదురుమదురు మాటలు

"నీకేం, కూర్చుని చదవడమే కదా పని," అన్నాడు రోలండ్, రొట్టెముక్క మీద వెన్న రాసుకుంటూ.

మార్లిస్ అప్పుడు అత్తగారి మాత్రలు వారం డబ్బాలో సర్దుతోంది. గుండెకి తెల్లవి, రక్తపోటుకి గులాబీవి, సగానికి విరిచి వెయ్యాల్సినవి వేరే. ఆ మాటకి ఆమె చెయ్యి ఆగలేదు. అతను కోపంగా అన్నదీ కాదు. మధ్యాహ్నం తల్లిని కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. తనేమో స్నేహితులతో కలిసి గడ్డకట్టిన సరస్సు మీద చేపలు పట్టడానికి వెళ్తున్నాడు. నువ్వు తీసుకెళ్లు అన్నాడు. ఇవాళ గోదాముల్లో పనిచేసిన ఒకావిడ కేసు వాదనలున్నాయి అంది ఆమె. దానికి వచ్చిన జవాబు అది.

రోలండ్ ముప్ఫై ఏళ్లు బీమా కేసులు వాదించి, మూడేళ్ల కిందట మానేసిన లాయరు. అతని దృష్టిలో కోర్టంటే గొంతు చించుకునే చోటు. మార్లిస్ ఎంగ్‌స్ట్రామ్ జడ్జిగా ఉన్న ఫెడరల్ అప్పీళ్ల కోర్టులో ఎవరూ గొంతు చించుకోరు. సాక్షులు రారు, ప్రమాణాలుండవు. కింది కోర్టులో జరిగిన ఏడుపంతా కాగితాల మీద అచ్చయి వస్తుంది. ముగ్గురు జడ్జీలు అది చదివి, కింది జడ్జి చట్టం ప్రకారం నడిచాడో లేదో చెప్తారు. పైన సుప్రీంకోర్టు ఉందన్న మాటేగానీ అది వినే కేసులు బహు కొద్ది. చాలామందికి ఇదే ఆఖరి తలుపు. ఆ తలుపు దగ్గర ఆమె ఇరవై నాలుగేళ్లుగా కూర్చుని ఉంది.

"ఆ ఉత్తరం బల్ల మీద పెట్టాను, చూశావా?"

"చూశాను."

సెప్టెంబరు ఒకటి నుంచి సీనియర్ జడ్జిగా మారి, పని సగానికి తగ్గించుకుంటానని దేశాధ్యక్షుడికి ఆమె రాయవలసిన ఉత్తరం. ఆమెకి ఆ శ్రమ లేకుండా రోలండే రాసిపెట్టాడు.

"సంతకం పెట్టెయ్. అరవై ఐదొచ్చాయి, జీతం ఎక్కడికీ పోదు. అమ్మ దగ్గర పరాయి మనిషిని పెడితే ఆవిడకి పడదు, నీకు తెలుసుగా."

అత్తగారు ఆల్మా వాకర్ పట్టుకుని మెల్లిగా వంటింట్లోకి వచ్చింది. తొంభై దగ్గరపడినా చెవి మాత్రం చురుకే. చర్చిలో కాఫీ తాగేటప్పుడు కొత్తవాళ్లెవరైనా కనబడితే, "మావాడు లాయరు. మా కోడలు కూడా కోర్టులోనే పనిచేస్తుంది," అని చెప్తుంది. ఒకావిడ "టైపింగా?" అని అడిగితే, "ఆ, అలాంటిదే," అంది ఒకసారి. మార్లిస్ పక్కనే నిలబడి నవ్వింది.

ఆ రోజు కళ్ల డాక్టరుకి ఫోన్ చేసి వచ్చేవారానికి మార్పించింది కూడా మార్లిసే, కోర్టు మెట్లెక్కుతూ.

*

మూడో కేసు జానెల్ ప్రూయిట్‌ది. ధాన్యం గోదాముల కంపెనీలో, ఏ లారీ ఏ గోదాముకి ఎప్పుడు వెళ్లాలో చూసే పని పంతొమ్మిదేళ్లు చేసింది. ముగ్గురు మగవాళ్లకి ఆ పని తనే నేర్పింది. ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు ఆమె మీద మేనేజర్లయ్యారు. చివరికి ఆమె పై అధికారులకి కాగితం మీద ఫిర్యాదు రాసిచ్చింది. ఆరువారాల్లో, నీ ఉద్యోగం ఇక అవసరం లేదన్నారు. కింది జడ్జి కేసుని జ్యూరీ దాకా వెళ్లనివ్వలేదు. ఆఫీసులో ఆమెని అన్నవన్నీ చెదురుమదురు మాటలు, వాటివల్ల ప్రమోషన్ ఆగిందని చెప్పలేం అని కొట్టేశాడు.

జానెల్ వెనక వరసలో కోటు విప్పకుండా కూర్చుని ఉంది. ఈ కోర్టులో ఆమె నోరు విప్పడానికి లేదు.

కంపెనీ లాయరు రీవ్ లేచాడు. "పంతొమ్మిదేళ్లలో ఆమె నేర్పిన ముగ్గురూ ఆమెని దాటి పైకెళ్లారు. జ్యూరీ దీన్ని ఎందుకు చూడకూడదు?" అని అడిగింది మార్లిస్. ఆమె మాట పూర్తయిందో లేదో, "అదేనండి, దానికే వస్తున్నాను," అని అతను వేరే సంగతికి వెళ్లిపోయాడు. నాలుగు నిమిషాల తర్వాత, ఆమె ఎడమపక్కనున్న జడ్జి ట్రెంట్ వాలిస్ అదే ప్రశ్న అడిగాడు. వాలిస్ వచ్చి రెండేళ్లయింది. "చాలా మంచి ప్రశ్న, జడ్జి వాలిస్," అన్నాడు రీవ్. తర్వాత మార్లిస్ వైపు తిరిగి చిరునవ్వు నవ్వాడు.

"దీనికి జవాబు ఈ కోర్టే ఇరవై ఒక్కేళ్ల కిందట చెప్పింది. ఆ తీర్పు రాసింది జడ్జి ఎంగ్‌స్ట్రామ్ గారే. 'చెదురుమదురు మాటలు ఎన్ని పోగుచేసినా, అవి ఒక నిర్ణయానికి కారణం కావు.' నేను ఇంతకన్నా బాగా చెప్పలేను."

తన వాక్యం తనకే చదివి వినిపిస్తుంటే మార్లిస్ కాగితాల వైపు చూస్తూ ఉండిపోయింది. వెనక వరసలో జానెల్ తలెత్తి, ఆ రాసిన మనిషి ముఖం ఎలా ఉంటుందో చూద్దామన్నట్టు చూసింది.

వాదనలు ముగిశాక ముగ్గురూ చిన్నగదిలో కూర్చున్నారు. ముగ్గురిలో పెద్ద హ్యూబర్ట్ కల్లెన్, డెబ్బై నాలుగేళ్లవాడు. ఎవరు ఏ తీర్పు రాయాలో అతనే చెప్తాడు.

"మూడు నిమిషాల పని ఇది," అన్నాడు హ్యూబర్ట్. "కింది తీర్పు సరిగ్గానే ఉంది. మార్లిస్, నువ్వు రాయి. నీ పాత తీర్పే కదా, మక్కీకి మక్కీ దింపెయ్యడమే."

"నాకూ సమ్మతమే," అన్నాడు వాలిస్.

"కాస్త చదివి చెప్తాను," అంది మార్లిస్.

"ఏముంది చదవడానికి? ఆ పాతదీ నేనే నీతో రాయించాను, జ్ఞాపకం ఉందా? ఆడమనిషి చేత్తో వస్తే ఎవరూ నోరెత్తరన్నాను. ఎత్తారా?"

"ఎత్తలేదు," అంది ఆమె.

*

ఆ మధ్యాహ్నం తన గదిలో తలుపు వేసుకుని జానెల్ వాంగ్మూలం చదివింది. అంతకుముందు చదవలేదని కాదు. అయితే అప్పుడు జడ్జిలా, కావలసిన చోట గీతలు పెట్టుకుంటూ చదివింది. ఇప్పుడు మొదటి పేజీ నుంచి మొదలుపెట్టింది. "ఈ ఆఫీసుకి అమ్మవి నువ్వు, అమ్మలకి ప్రమోషన్లెందుకు?" అన్నారట. "లారీవాళ్ల మీద అరవాలంటే మగగొంతు కావాలి" అన్నారట. ఆమె నేర్పిన మూడోవాణ్ణి మేనేజర్ని చేసినప్పుడు, "నీ శిష్యుడే కదా, గర్వపడు" అన్నారట. కంపెనీ లాయరు అడుగుతున్నాడు: ఆ మాట అన్నప్పుడు మీరు అభ్యంతరం చెప్పారా? లేదు. మరేం చేశారు? నవ్వాను. నవ్వారా, అంటే మీకు బాధ కలగలేదన్నమాట. దానికి జానెల్ ఇచ్చిన జవాబు రికార్డులో ఒక్క వరస ఉంది: "బాధ కలిగినప్పుడు నవ్వాల్సిన అవసరం మీకెప్పుడూ రాలేదేమో, సార్."

మార్లిస్ కళ్లజోడు తీసి పక్కన పెట్టింది. తను ఎన్నిసార్లు నవ్వింది? పెద్దమ్మాయి కడుపులో ఉండగా, పనిచేసే లాయర్ల ఆఫీసులో ఆమె గది ఇంకొకరికి ఇచ్చేసి, "ఎలాగూ నువ్వు మళ్లీ రావుగా" అన్నారు. నవ్వింది. ఈ కోర్టులో అడుగుపెట్టిన రోజు, "ఇక మన మీటింగుల్లో కాఫీ బాగుంటుంది" అన్నాడు హ్యూబర్ట్. నవ్వి, నిజంగానే లేచి కాఫీ పోసింది. ఆ తర్వాత ఆ కాఫీ కెటిల్ ఎప్పుడూ ఆమె కుర్చీ పక్కనే ఉండేది. జడ్జి అయినందుకు ఇంట్లో విందు ఇచ్చినప్పుడు రోలండ్ గ్లాసెత్తి, "దేశానికి ఏమోగానీ, మా ఇంట్లో మాత్రం పై కోర్టు నేనే" అన్నాడు. అందరూ పడిపడి నవ్వారు, అందరికన్నా ముందు ఆమె. ఏ మాటా పెద్దది కాదు. ఏ ఒక్కదాన్నీ పట్టుకుని ఇదిగో నా బతుకు ఇక్కడ వంగింది అని చూపించడానికి లేదు. అందుకే, మూడో ఏట ఆ పాత కేసు తన ముందుకొచ్చినప్పుడు, చెదురుమదురు మాటలు అని అంత తేలిగ్గా, అంత అందంగా రాయగలిగింది. అవి లెక్కలోకి వచ్చేవే అయితే, తను అంతకాలం నవ్వుతూ మింగినవన్నీ లెక్కలోకి వస్తాయి. అప్పుడేం చెయ్యాలి? దానికన్నా ఇంకో ఆడమనిషి కేసు కొట్టెయ్యడం సులువు. ఈ ఇరవై ఒక్కేళ్లలో ఎంతమంది కింది జడ్జీలు ఆ వాక్యం ఎత్తిరాసి, ఎంతమందిని వెనక్కి పంపారో.

టీ పట్టుకుని డోరీన్ వచ్చింది. ఇరవై రెండేళ్లుగా మార్లిస్ దగ్గర సెక్రటరీ. బల్ల మీద పాత తీర్పు కనబడగానే ఆగింది.

"ఇది టైపు చేసింది నేనే," అంది.

"గుర్తుంది. చదివి ఎలా ఉందో చెప్పమన్నాను. బాగుందన్నావు."

"మీరు అడిగింది తప్పులున్నాయా అని, జడ్జి గారూ. అక్షరదోషాలు లేవు. లేవనే చెప్పాను." టీ కప్పు కింద పెట్టింది. "మా చెల్లి ఉద్యోగం ఆ ఏడే పోయింది. అచ్చం ఇలాగే. కేసు వేద్దామని లాయరు దగ్గరికెళ్తే, ఇదిగో కొత్త తీర్పొచ్చింది, ఇక లాభం లేదన్నాడట."

మార్లిస్ పాత తీర్పుని పక్కకి జరిపింది. "నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏమనేవారు? పాపం అనేవారు," అంది డోరీన్. ఆమె గొంతులో నిష్ఠూరం లేదు, అలవాటైన అలసట ఉంది. "టీ చల్లారిపోతుంది, తాగండి."

*

రాత్రి భోజనాల దగ్గర రోలండ్ ఉత్తరాన్నీ పెన్నునీ ఆమె కంచం పక్కన పెట్టాడు. అతను పట్టుకొచ్చిన చేపల్ని శుభ్రం చేసి, వేయించింది మార్లిసే.

"రేపు పోస్టులో వెయ్యాలి. నువ్వే కదా అన్నావు, అలిసిపోయానని."

"అలిసిపోయాను," అంది. "కోర్టు వల్ల అని ఎప్పుడూ అనలేదు."

రోలండ్ ఫోర్కు ఆపాడు. "అంటే?"

"అంటే సోమవారం నుంచి పగలు అత్తయ్య దగ్గర ఉండడానికి మనిషిని చూడాలి. నువ్వు ఇంట్లోనే ఉంటావుగా, ఫోన్లు నువ్వు చెయ్యి."

"పరాయి మనిషా?" అంది ఆల్మా.

"మొదటిరోజు పరాయే, అత్తయ్యా. నేనూ మొదట్లో పరాయిదాన్నేగా."

"దేనికోసం ఇదంతా?" అన్నాడు రోలండ్. "ఎవరో గోదాముల ఆడమనిషి కోసమా? మూడు వారాల్లో మర్చిపోతావు."

అతను అది కూడా కోపంగా అనలేదు. మార్లిస్ ఉత్తరాన్ని చింపలేదు, విసరలేదు. మడిచి, అతని కంచం వైపు జరిపి, చేపలో ముల్లు తీసుకుంటూ తినసాగింది. నవ్వలేదు. ముప్ఫై ఏడేళ్ల కాపురంలో ఆ చోట నవ్వు రాకపోవడం రోలండ్‌కి కొత్త. అతను రెండుసార్లు ఆమె ముఖంలోకి చూశాడు.

మర్నాడు హ్యూబర్ట్‌కి ఫోన్ చేసింది.

"మీరు మీ తీర్పు రాసుకోండి. నేను విడిగా రాస్తాను."

"ఏం రాస్తావు? పాత తీర్పుని ముగ్గురం కూర్చుని కొట్టెయ్యలేం, నీకు తెలుసు. కోర్టులోని జడ్జీలు పదకొండుమందీ కూర్చోవాలి."

"కొట్టెయ్యలేననే రాస్తాను. అది తప్పని, పదకొండుమందీ కూర్చుని దాన్ని సరిదిద్దాలని కూడా రాస్తాను."

"నీ తీర్పుని నువ్వే తప్పంటావా? నవ్వుతారు, మార్లిస్."

"నవ్వనివ్వండి. మీరు కూడా నవ్వండి."

"సరే, సెప్టెంబరులో ఎలాగూ తప్పుకుంటున్నావని రోలండ్ చెప్పాడు," అన్నాడు హ్యూబర్ట్, ఓదారుస్తున్నట్టు. "ఈ తగువు మా నెత్తిన వేసి పోవడం ఎందుకు?"

తను సీనియర్ జడ్జిగా మారే సంగతి తనకన్నా ముందు వీళ్లిద్దరూ మాట్లాడుకున్నారన్నమాట. సీనియర్ జడ్జిగా మారితే, కేసుని మొత్తం కోర్టు వినాలా వద్దా అనే ఓటు ఉండదు. అది హ్యూబర్ట్‌కి తెలుసు, రోలండ్‌కీ తెలుసు.

"నేనెక్కడికీ పోవడం లేదు," అని ఫోన్ పెట్టేసింది.

రాయడానికి ఆమెకి పదకొండు రోజులు పట్టింది. డోరీన్‌కి ఇచ్చేటప్పుడు, తప్పులున్నాయా అని కాకుండా, ఇది నిజమేనా చూడమంది. దాని మొదటి వరసలు ఇవి: "ఇరవై ఒక్కేళ్ల కిందట ఈ కోర్టు ఒక తప్పు చేసింది. ఆ తప్పు రాసింది నేను. మాటలు విడివిడిగా పడతాయి, కానీ అన్నీ ఒకే మనిషి మీద పడతాయి."

మే నెలలో తీర్పు వెలువడింది. పాత తీర్పుకి కట్టుబడక తప్పదు కాబట్టి ఫలితంలో ముగ్గురూ ఒకటే. జానెల్ ప్రూయిట్ ఆ రోజు ఓడిపోయింది. ఆ ఓటమి కింద మార్లిస్ పేరు కూడా ఉంది. పత్రికల్లో రెండు రోజులు రాశారు. వయసు మీదపడిందన్నారు, చాదస్తమన్నారు. ఇంట్లో, పగలు ఆల్మాని చూసుకోవడానికి వచ్చిన సోమాలీ అమ్మాయితో ఆల్మా మొదట మాట్లాడలేదు, తర్వాత పేకాట మొదలుపెట్టింది. రోలండ్ వేసవంతా ముభావంగా ఉండి, తన బట్టలు తను ఉతుక్కున్నాడు. ఒక రకంగా ఆ మౌనం ఆమెకి విశ్రాంతిగానే అనిపించింది.

అక్టోబరులో, ఈ కేసుని మొత్తం కోర్టు మళ్లీ వినాలా అని అడిగే కాగితం జడ్జీలందరి గదులకీ వెళ్లింది. ఆఖరున మార్లిస్ దగ్గరికి వచ్చింది. డోరీన్ దాన్ని బల్ల మీద పెట్టి బయటికి వెళ్లకుండా నిలబడింది. అయిదుగురు అవునన్నారు. అయిదుగురు కాదన్నారు. కాదన్నవాళ్లలో హ్యూబర్ట్ మూడు పేజీల కారణాలు రాశాడు. ఆమె వాటిని పూర్తిగా చదివింది, ఎందుకంటే చదవడమే ఆమె పని. చదివి, తన పేరుకెదురుగా ఉన్న ఖాళీలో ఒక్క మాట రాసింది.

విందాం.